1912 కార్లైల్ ఇండియన్ స్కూల్ ఫుట్‌బాల్ సీజన్: ఆర్మీ ఆట ఒక్కటేనా చెప్పుకోదగ్గది?

ప్రశ్న – పాతపుటలు

జిమ్ థార్ప్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచిన సంగతి మన పత్రికల ఆటల పేజీల్లో అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటుంది. మరుసటి ఏడాదే ఆ పతకాలను వెనక్కి తీసుకోవడం, దాదాపు డెబ్బై ఏళ్ల తరువాత ఆయన వారసులకు తిరిగి ఇవ్వడం, చివరికి 2022లో ఆయన్ను ఆ రెండు పోటీల్లోనూ ఏకైక విజేతగా గుర్తించడం కూడా చాలామందికి తెలుసు. నా ప్రశ్న దానికి సంబంధించినది కాదు. ఒలింపిక్స్ నుంచి తిరిగి వచ్చిన కొన్ని వారాలకే ఆయన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్ (ఇక్కడ 'ఇండియన్' అంటే అమెరికా మూలవాసులు) తరఫున ఒక పూర్తి ఫుట్‌బాల్ సీజన్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఆడారు. ఆ జట్టు పన్నెండు ఆటలు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి సమం చేసుకుని, మొత్తం 504 పాయింట్లు సాధించింది.

ఆ సీజన్ గురించి నేను చదివిన ప్రతి వ్యాసమూ నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో అమెరికా సైనిక అకాడమీ జట్టు ('ఆర్మీ') మీద గెలిచిన ఆట చుట్టూనే తిరుగుతుంది. మూలవాసుల పిల్లలు ఒక వైపు, కాబోయే సైనికాధికారులు మరో వైపు, ఆ అధికారుల్లో ఒకరు తరువాతి కాలపు అధ్యక్షుడు ఐసన్‌హోవర్ కావడం వల్ల ఆ ఆటకు అంత ఆకర్షణ ఉండడం సహజమే. అయితే మిగిలిన పదమూడు ఆటలకు విలువ లేదా? చేతివృత్తులు నేర్పే ఒక బడి విశ్వవిద్యాలయాలతో సమానంగా ఎలా పోటీ పడగలిగింది? ఆనాటి స్కోర్లను ఇప్పటి నియమాలతో లెక్కగడితే పొరపాటు పడతామా? ఆటనూ, ఆ బడి చరిత్రనూ ఎరిగినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1 – మైదానం

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఆ సీజన్ ఆటల పట్టికలోనే ఉంది. ఆర్మీ ఆటను కాసేపు పక్కన పెట్టి తేదీలనూ, ఊళ్లనూ వరుసగా చూడండి.

సెప్టెంబరు 21న ఆల్‌బ్రైట్‌తో 50–7, 25న లెబనాన్ వ్యాలీతో 45–0, 28న డికిన్సన్‌తో 34–0, అక్టోబరు 2న విల్లనోవాతో 65–0, 5న వాషింగ్టన్ అండ్ జెఫర్సన్‌తో 0–0. అంటే పదిహేను రోజుల్లో ఐదు ఆటలు. మొదటి నాలుగూ బలహీనమైన జట్లతో ఆడినవి కాబట్టి వాటి మీద ఎక్కువ మాటలు ఖర్చు పెట్టనక్కర లేదు. ఐదో ఆటలో థార్ప్ ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు చేయడం) ప్రయత్నాలు గురి తప్పడంతో జట్టు ఒక్క పాయింటు కూడా చేయలేకపోయింది. ఆ రోజు నుంచి సీజన్ ముగిసేవరకు కార్లైల్ ఒక్క ఆట కూడా తన ఊళ్లో ఆడలేదు. సిరక్యూస్‌ను 33–0తో, పిట్స్‌బర్గ్‌ను 45–8తో వాళ్ల వాళ్ల ఊళ్లలోనే ఓడించి, అక్టోబరు 26 శనివారం నాడు వాషింగ్టన్ నగరంలో జార్జ్‌టౌన్‌ను 34–20తో గెలిచిన ఈ కుర్రవాళ్లు, సోమవారానికల్లా సరిహద్దు దాటి కెనడాలోని టొరంటో చేరుకుని, అక్కడి ఎంపిక జట్టుతో సగం అమెరికన్ పద్ధతిలోనూ సగం కెనడా రగ్బీ పద్ధతిలోనూ ఆడి 49 పాయింట్లు చేసి నెగ్గారు. మళ్లీ ఆ శనివారమే, నవంబరు 2న, పెన్సిల్వేనియాలో లీహై మీద 34–14. ఎనిమిది రోజుల్లో మూడు ఆటలు, రెండు దేశాలు, అదంతా రైలు ప్రయాణం. ఆ కాలంలో ఆటగాడిని మధ్యలో మార్చే వెసులుబాటు చాలా తక్కువ. దాడి చేసే పదకొండుగురే రక్షణకూ నిలబడేవారు. అలాంటి వారం గడిపిన జట్టు ఏడు రోజుల తరువాత వెస్ట్ పాయింట్ మైదానంలో దిగింది.

ఇక ఆ ఆట. మొదటి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం, ఆరు పాయింట్లు) ఆర్మీదే, 6–0. తరువాత బెర్గీ టచ్‌డౌన్‌తో, దాని వెంట ఒక అదనపు పాయింటు తెచ్చిన థార్ప్ కిక్‌తో కార్లైల్ 7–6 ఆధిక్యానికి వచ్చింది. మొదటి సగం అలాగే ముగిసింది. కార్లైల్ ఆటగాడు పావెల్‌ను ప్రత్యర్థిని కొట్టినందుకు బయటికి పంపారు. రెండో సగంలో ఆర్మీ కెప్టెన్ డెవోర్, తనను ఆటంతా ఇబ్బంది పెట్టిన జో గైయన్ మీద దాడి చేసి తానూ బహిష్కరణకు గురయ్యాడు. అక్కడి నుంచి ఆట ఏకపక్షంగా సాగి 27–6తో ముగిసింది.

ఈ ఆట గురించి ప్రచారంలో ఉన్న రెండు కథలను ఇక్కడ సరిచేయడం అవసరమనుకుంటాను. థార్ప్ 92 గజాలు పరుగెత్తి చేసిన టచ్‌డౌన్ చెల్లదని అధికారులు ప్రకటించగానే, మరుసటి కిక్‌కే 97 గజాలు పరుగెత్తి మళ్లీ టచ్‌డౌన్ చేశాడన్నది మొదటి కథ. ఆయన ఆర్మీ జట్టంతటినీ దాటుకుంటూ పరుగెత్తిన మాట, సహ ఆటగాడి ఆఫ్‌సైడ్ వల్ల అది చెల్లకుండా పోయిన మాట నిజమే. కానీ ఆ రోజు లెక్కకు వచ్చిన నాలుగు టచ్‌డౌన్లలో మూడు అలెక్స్ ఆర్కాసావి, ఒకటి బెర్గీది. థార్ప్ పేరు మీద ఉన్నవి టచ్‌డౌన్ల తరువాత కొట్టిన మూడు కిక్‌లు మాత్రమే. నాలుగు ఆరులు ఇరవై నాలుగు, దానికి మూడు కలిపితే ఇరవై ఏడు. 97 గజాల టచ్‌డౌన్‌కు ఈ లెక్కలో చోటు లేదు. రెండో కథ ఐసన్‌హోవర్‌ది. థార్ప్‌ను పడగొట్టబోయి ఆయన మోకాలు విరిగిందనీ, దానితో ఆయన ఆట జీవితం ముగిసిందనీ రాస్తుంటారు. ఆయనా మరో ఆటగాడూ కలిసి థార్ప్ మీదికి దూకబోయి ఒకరినొకరు ఢీకొన్నారు. మోకాలికి దెబ్బ తగిలింది మాత్రం తరువాతి వారం టఫ్ట్స్ జట్టుతో ఆడినప్పుడు.

నా ఉద్దేశంలో ఆ సీజన్‌ను తెలియజెప్పే ఆటలు దాని తరువాతివి. నవంబరు 16న ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేతిలో 26–34తో ఓటమి. ఇరవై ఆరు పాయింట్లు చేసీ ఓడారంటే కాళ్లలో సత్తువ తగ్గింది రక్షణలోనే అని అర్థం. 23న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాల (బాస్కెట్‌బాల్ పుట్టిన చోటు అదే) మీద 30–24తో బొటాబొటిగా గెలిచారు. ఆ ముప్ఫై పాయింట్లూ థార్ప్ ఒక్కడే చేశాడు: నాలుగు టచ్‌డౌన్లు, మూడు అదనపు కిక్‌లు, ఒక ఫీల్డ్ గోల్. అక్టోబరులో ఐదారుగురు పంచుకున్న బరువు నవంబరు చివరికి ఒక్కడి మీద ఎలా పడిందో ఆ అంకె చెబుతుంది. 28న థాంక్స్‌గివింగ్ నాడు బ్రౌన్ విశ్వవిద్యాలయం మీద 32–0తో సీజన్ ముగిసింది. కార్లైల్ తరఫున థార్ప్‌కు అదే చివరి ఆట.

జవాబు 2 – నాలుగోడౌన్

స్కోర్ల గురించిన ప్రశ్నకు నేను జవాబిస్తాను. 1912 స్కోర్లను ఇప్పటి నియమాలతో చదివితే పెద్దగా పొరపాటు రాదు; 1911 స్కోర్లను చదివితే వస్తుంది. టచ్‌డౌన్ విలువ ఐదు నుంచి ఆరుకు పెరిగింది సరిగ్గా 1912లోనే. ఉదాహరణకు 1911లో కార్లైల్ హార్వర్డ్‌ను 18–15తో ఓడించింది. ఆ పద్దెనిమిదిలో థార్ప్ కొట్టిన నాలుగు ఫీల్డ్ గోల్స్ పన్నెండు, ఒక టచ్‌డౌన్ ఐదు, దాని తరువాతి కిక్ ఒకటి.

పాయింట్ల కన్నా ముఖ్యమైన మార్పులు కూడా అదే ఏడాది వచ్చాయి. అంతవరకు పది గజాలు ముందుకు వెళ్లడానికి మూడు ప్రయత్నాలే ఉండేవి. వాటిని నాలుగు చేశారు. మైదానాన్ని 110 గజాల నుంచి 100 గజాలకు కుదించి, రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్ (గోల్ గీత అవతలి భాగం) ఏర్పరచారు. బంతిని ముందుకు విసిరితే ఇరవై గజాలకు మించి పోకూడదన్న హద్దును తొలగించారు. వీటన్నిటికీ మూలం 1905. ఆ ఏడు ఆటలో జరిగిన మరణాల వల్ల దేశమంతటా ఆందోళన రేగి, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. బంతిని ముందుకు విసరడాన్ని 1906లో అనుమతించారు. అంతకుముందు ఆటంటే ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గుంపుగా తోసుకుపోవడం. బరువున్న జట్టుదే పైచేయి.

కార్లైల్ జట్టు ఎప్పుడూ ప్రత్యర్థుల కన్నా తేలికైనదే. కాబట్టి తోపులాటను తగ్గించి వేగానికీ, మోసపుచ్చే కదలికలకూ చోటిచ్చిన ప్రతి నియమమూ దానికి కలిసివచ్చింది. శిక్షకుడు గ్లెన్ వార్నర్ ('పాప్' వార్నర్ అని పిలిచేవారు) ఈ అవకాశాన్ని అందరికన్నా ముందు పసిగట్టాడు. వెనక నిలబడే నలుగురిలో ఇద్దరిని తెచ్చి ముందు వరుస రెండు కొసలకు దగ్గరగా నిలబెట్టే 'డబుల్ వింగ్' వ్యూహాన్ని ఆర్మీ మీద ప్రయోగించాడు. బంతి ఎవరి చేతికి వెళుతుందో, ఎటు వెళుతుందో, పరుగా విసురా అన్నది ఆఖరి క్షణం వరకు తెలియకపోవడం దాని బలం. దాన్ని నడిపించిన క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్ష్‌కు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. పేరంతా థార్ప్‌కు పోయింది, కొంత వార్నర్‌కు పోయింది.

జాతీయ విజేత ఎవరని మీరు అడగలేదు గానీ, ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో తుది పోరు అనేదే లేదు. 1912లో హార్వర్డ్ తొమ్మిది ఆటలు ఆడి తొమ్మిదీ గెలిచింది, పెన్ స్టేట్ ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. ఒక ఓటమి ఉన్న కార్లైల్‌ను వాటి పైన నిలబెట్టమని నేను అనను. అయితే హార్వర్డ్ వంటి సంపన్న సంస్థలు ఎక్కువ ఆటలను తమ సొంత స్టేడియంలోనే ఆడుకునేవన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పాతపుటలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆటల పట్టికను ఈ దృష్టితో నేను చూడలేదు. అయితే ఒక సందేహం మిగిలిపోయింది. సొంత ఊళ్లో ఆడకపోవడం జట్టు కోరుకున్నదా, ఎవరైనా నిర్ణయించినదా? ఇంత తిరగడం వల్ల లాభం పొందినది ఎవరు?

జవాబు 3 – హారిస్‌బర్గ్ నుంచి

పాతపుటలు గారూ, మీ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందు ఆ బడి ఏమిటో చెప్పుకోవాలి. నేను ఉద్యోగరీత్యా ఆ ఊరికి దగ్గరలోనే ఉంటున్నాను కనుక దాని చరిత్ర మీద కొంత ఆసక్తి ఏర్పడింది.

కార్లైల్ కాలేజీ కాదు. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి, ఖాళీగా ఉన్న సైనిక శిబిరంలో, కేంద్ర ప్రభుత్వ ఖర్చుతో దాన్ని నెలకొల్పాడు. మూలవాసుల పిల్లలను తల్లిదండ్రులకు వందల మైళ్ల దూరంగా తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, వాళ్లలోని 'ఇండియన్‌'ను చంపి మనిషిని మిగల్చాలన్నది ప్రాట్ బహిరంగంగా చెప్పుకున్న సిద్ధాంతం. రోజులో సగం పూట చదువు, సగం పూట పని. సెలవుల్లో పిల్లలను ఇళ్లకు పంపకుండా తెల్లవాళ్ల పొలాల్లో, ఇళ్లలో పనికి పెట్టేవారు. వచ్చిన పిల్లలందరూ తిరిగి వెళ్లలేదు. జబ్బులతో చనిపోయిన వాళ్ల సమాధులు ఆ ఆవరణ అంచున ఇప్పటికీ ఉన్నాయి; 2017 నుంచి సైన్యం కొందరి అవశేషాలను వాళ్ల తెగలకు అప్పగిస్తోంది. బడిలో చిన్నపిల్లలతో పాటు ఇరవై దాటిన యువకులు కూడా ఉండేవారు. 1912లో థార్ప్ వయసు పాతికకు అటూ ఇటూ. విశ్వవిద్యాలయ జట్లతో పోటీ ఎలా సాధ్యమైందన్న మీ ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఇదే: చదువు బడి స్థాయిది, ఆటగాళ్ల వయసు కాలేజీ స్థాయిది.

ఫుట్‌బాల్‌ను మొదట ప్రాట్ నిషేధించాడు. ఒక విద్యార్థి కాలు విరగడమే అందుకు కారణం. 1893లో విద్యార్థులు పట్టుబట్టి అడిగితే, ఎదుటివాళ్లు కొట్టినా తిరిగి కొట్టకూడదనీ, దేశంలోని పెద్ద జట్లను ఓడించాలనీ రెండు షరతులు పెట్టి ఒప్పుకున్నాడు. మన పిల్లలు నాగరికులయ్యారని దేశానికి చూపించే ప్రకటన బోర్డుగా ఆయన జట్టును భావించాడు. వార్నర్ వచ్చాక దానికి డబ్బు తోడైంది. కార్లైల్ చిన్న ఊరు. అక్కడి మైదానానికి వచ్చే జనం తక్కువ. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్, వాషింగ్టన్ వంటి నగరాల్లో వేల మంది టికెట్లు కొంటారు, ఆ రాబడిలో కార్లైల్‌కు వాటా ఉంటుంది. జట్టు అన్ని ఊళ్లు తిరగడం వెనక ఉన్న కారణం ఇదే. నిర్ణయం ఆటగాళ్లది కాదు, వార్నర్‌దీ బడి అధికారులదీ.

ఆ రాబడి ప్రభుత్వ ఖాతాలోకి పోకుండా ఆటల సంఘం నిధిలోకి పోయేది. దాని మీద పెత్తనం వార్నర్‌ది. లాభపడింది ఎవరన్న ప్రశ్నను 1914లో స్వయంగా విద్యార్థులే వేశారు. గస్ వెల్ష్ చొరవతో రెండు వందలకు పైగా విద్యార్థులు సంతకాలు చేసిన విన్నపం వాషింగ్టన్ చేరింది. అమెరికా కాంగ్రెస్ ఉభయ సభల సంఘం కార్లైల్‌కు వచ్చి విచారణ జరిపింది. తిండి చాలకపోవడం, విద్యార్థులను కొట్టడం, నిధి ఖర్చుల తీరు అన్నీ రికార్డులకెక్కాయి. వార్నర్ మంచి శిక్షకుడే కాని నీతి నియమాలు లేని మనిషి అన్న అర్థం వచ్చేలా వెల్ష్ సాక్ష్యం చెప్పాడు. బడి పర్యవేక్షకుడు మోసెస్ ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ 1915లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి శిక్షకుడిగా వెళ్లాడు. అతనికి జరిగిన నష్టమేమీ లేదు. బడి 1918లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు సైనిక యుద్ధ కళాశాల నడుస్తోంది. 2024 డిసెంబరులో బడి ఆవరణను జాతీయ స్మారకంగా ప్రకటించారు.

థార్ప్ పతకాల గొడవ కూడా ఈ సీజన్‌తో ముడిపడినదే. 1909, 1910 వేసవుల్లో ఆయన నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్న వార్త 1913 జనవరిలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ నగర పత్రికలో వెలువడింది. అప్పటి నియమాల ప్రకారం డబ్బు తీసుకున్నవాడు అమెచ్యూర్ (ఔత్సాహిక ఆటగాడు) కాదు, ఒలింపిక్స్‌కు అమెచ్యూర్లే అర్హులు. తాను లోకం తెలియని ఇండియన్ బడి విద్యార్థిననీ, అది తప్పని తెలియదనీ ఒప్పుకుంటూ ఆయన పేరుతో ఒక ఉత్తరం వెళ్లింది. దాని రచనలో వార్నర్ హస్తం ఉందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తమకేమీ తెలియదని బడి అధికారులు తప్పుకున్నారు. ఆటగాడి శ్రమతో ఏటా టికెట్లు అమ్మిన సంస్థ, అతను రెండు వేసవుల్లో సంపాదించిన కొద్దిపాటి డాలర్ల దగ్గర అమాయకత్వం నటించిందన్నది నాకు మింగుడుపడని సంగతి.

మైదానం

హారిస్‌బర్గ్ మిత్రులు చెప్పినదాంతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక్క అంశం జోడించాలి. జట్టును కేవలం అధికారుల పనిముట్టుగా చూస్తే ఆటగాళ్లకు అన్యాయం జరుగుతుంది. అమెరికా సైన్యం మూలవాసులను చంపిన వూండెడ్ నీ మారణకాండ జరిగింది 1890 డిసెంబరులో. ఆర్మీతో ఆట నాటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. మీ తాతతండ్రులతో పోరాడింది వీళ్ల తాతతండ్రులేనని ఆట ముందు వార్నర్ గుర్తుచేశాడని చెబుతారు. అతను చెప్పకపోయినా వాళ్లకు తెలియని విషయం కాదు. ఆర్మీ ఆటను ప్రతీకార కథగా మాత్రమే రాయడం నాకు నచ్చదు గానీ, ఆ భావం లేనే లేదని కూడా అనలేను.

ఆటగాళ్లు ఆ తరువాత ఏమయ్యారో కూడా చూడండి. థార్ప్, గైయన్, పీట్ కలాక్ ముగ్గురూ ఓహాయోలోని కాంటన్ బుల్‌డాగ్స్ తరఫున వృత్తి ఫుట్‌బాల్ ఆడారు. నేటి ఎన్.ఎఫ్.ఎల్. (జాతీయ ఫుట్‌బాల్ లీగ్)గా మారిన సంఘం 1920లో ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు థార్ప్. గైయన్ పేరు కూడా థార్ప్ పేరుతో పాటు వృత్తి ఫుట్‌బాల్ ఖ్యాతి మందిరంలో ఉంది. విచారణలో సాక్ష్యం చెప్పిన వెల్ష్ న్యాయశాస్త్రం చదివి, 1919 నుంచి 1922 వరకు వాషింగ్టన్ స్టేట్ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా పనిచేశాడు.

పాతపుటలు

నేను అడిగిన ప్రశ్నలకు తృప్తికరమైన జవాబులు దొరికాయి. వెల్ష్ సాక్ష్యం ఉన్న ఆ 1914 విచారణ రికార్డును అమెరికా ప్రభుత్వం అచ్చువేసింది కాబట్టి ఇక చదవవలసింది అదేనని తోస్తున్నది. చదివాక ఆటల సంఘం నిధి ఖర్చుల మీద విడిగా మరో ప్రశ్న వేస్తాను.